స్టూడెంట్లు ఫోన్‌లో కొత్తది ఎందుకు మొదలెడతారు? నా సర్వే జవాబులు నాకే నమ్మబుద్ధి కావట్లేదు

సగంనిద్ర · రాత్రి 11:38

అందరికీ నమస్కారం. పీజీ ఆఖరి సెమిస్టర్. ప్రాజెక్టు టాపిక్ "విశ్వవిద్యాలయ విద్యార్థులు నూతన మొబైల్ టెక్నాలజీని స్వీకరించడానికి దోహదపడే అంశాలు". పేరు మా గైడ్ గారిది, తిప్పలు నావి. ఆయన చెప్పినట్టే టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్ (అందరూ టామ్ అంటారు, ఉపయోగం, సులభత చూసి జనం కొత్తది వాడతారనే సిద్ధాంతం) తీసుకుని, ఒకటి నుంచి ఐదు దాకా టిక్కు పెట్టే ప్రశ్నలు రాసి, ముందుగా మా క్లాసులోనే పంచి చూశాను. ఎవరి ఫారం తిప్పినా నాలుగు, నాలుగు, ఐదు, నాలుగు. ఉపయోగంగా ఉందా అంటే ఉంది, తేలిగ్గా ఉందా అంటే ఉంది, ఇకముందు కూడా వాడతారా అంటే ఓ, తప్పకుండా.

నా పక్కన కూర్చునే అమ్మాయి లైబ్రరీ యాప్ గురించి అన్నీ ఐదులే పెట్టింది. ఫారం నా చేతికిచ్చి, "ఇంతకీ మన లైబ్రరీకి యాప్ ఉందా?" అంది. అబద్ధం చెప్పాలని కాదు పాపం, నా ప్రాజెక్టు బాగా రావాలని పెట్టింది.

ఈ అంకెలు సాఫ్ట్‌వేర్‌లో పోస్తే ఫలితం అందంగానే వస్తుంది. నా టెన్షన్ కూడా అదే. మీరు చెప్పండి, మీ ఫోన్‌లో ఈమధ్య కొత్తగా మొదలెట్టింది ఏమిటి, ఎందుకు మొదలెట్టారు?

వెనకబెంచీ · రాత్రి 11:44

ఎందుకేంటి, మా సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) కొత్త యాప్ పెట్టుకోమన్నాడు, పెట్టుకున్నాం. పాత గ్రూపులో ఒక్క లైను వేశాడు, "ఇకనుంచి అన్నీ అక్కడే, ఇక్కడేం పెట్టను" అని. తెల్లారేసరికి క్లాసంతా కొత్త యాప్‌లో ఉంది. ఉపయోగమా తేలికా అని ఎవడాలోచించాడు, ఇంటర్నల్స్ టైంటేబుల్ అందులో ఉంది. నీ ఫారంలో సీఆర్ కోసం గడి పెట్టావా లేదా?

సగంనిద్ర · రాత్రి 11:47

లేదు 😐

పాతచార్జర్ · రాత్రి 11:59

నా సంగతి. మా డిపార్ట్‌మెంట్‌లో అటెండెన్స్ యాప్ పెట్టారు. నా ఫోన్‌లో ఎప్పుడూ స్టోరేజ్ ఫుల్ అనే చూపిస్తుంది. యాప్ డౌన్‌లోడ్ నొక్కితే సగం దాకా వచ్చి ఆగిపోయేది. సార్ అటెండెన్స్ మొదలెట్టేశారు, తెర మీద క్యూఆర్ కోడ్ కొన్ని సెకన్లకోసారి మారిపోతోంది, నేను బల్లకింద ఫోన్ పెట్టుకుని ఫొటోలు డిలీట్ చేస్తున్నా. ముందు స్క్రీన్‌షాట్లు పోయాయి, తర్వాత మొదటి సెమిస్టర్ నోట్సు ఫొటోలు, తర్వాత వీడియోలు. ఇంకా చాలదట. మా తమ్ముడి చిన్నప్పటి వీడియో ఒకటి ఉంది, అది తీసేసేదాకా వచ్చింది, అక్కడ ఆగి ఆ రోజు ఆబ్సెంట్ వేయించుకున్నా.

తర్వాత సార్ అన్నమాట, "కొన్నాళ్ళు పడుతుందిలే, కొంతమంది కొత్తదానికి తొందరగా అలవాటు పడరు". నేను అలవాటు పడకపోవడమేంటి సార్, నా ఫోన్‌కి చోటు లేదు.

వెనకబెంచీ · అర్ధరాత్రి 12:03

వీడియో ఉంచుకున్నావు కదా. మంచి పని చేశావు బ్రో.

సుద్దముక్క · అర్ధరాత్రి 12:21

నిద్రపట్టక చూస్తుంటే ఈ థ్రెడ్ కనపడింది. నేను పాఠం చెప్పేదాన్ని, ఇలాంటి ప్రాజెక్టులు దిద్దేదాన్ని కూడా, కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను, ఓపికుంటే చదవండి.

సగంనిద్ర, మీ గైడ్ గారు చెప్పిన మోడల్‌లో తప్పులేదు. అది ఎక్కడ పుట్టిందో ఒకసారి చూడాలి, అంతే. ఫ్రెడ్ డేవిస్ 1989లో వేసిన పేపర్ అది. అందులో రెండు అధ్యయనాలున్నాయి. మొదటిది టొరంటోలో ఐబీఎం వాళ్ళ ల్యాబ్‌లో 112 మందితో, ఈమెయిల్ మీద, ఒక ఫైల్ ఎడిటర్ మీద. రెండోది బోస్టన్‌లో సాయంత్రం క్లాసులకొచ్చే 40 మంది ఎంబీఏ విద్యార్థులతో, గ్రాఫులు గీసే ప్రోగ్రాముల మీద. ఉపయోగం, సులభత, ఒక్కోదానికి ఆరేసి ప్రశ్నలు. మొదటి అధ్యయనంలో వాడకంతో ఉపయోగానికున్న సంబంధం 0.63 (1 అంటే పూర్తి సంబంధం), సులభతకి 0.45. పనికొస్తుందనుకుంటే కాస్త కష్టమైనా జనం నేర్చుకుంటారు, పనికిరానిది ఎంత తేలికైనా వాడరు అని ఆయన తేల్చింది. అది ఇప్పటికీ నిలబడే మాటే.

అయితే గ్రాఫు గీసే ప్రోగ్రాం ముందు మనిషి ఒక్కడే కూర్చుంటాడు. పక్కవాడు అదే ప్రోగ్రాం వాడుతున్నాడా లేదా అన్నదానితో వాడి గ్రాఫుకి పనిలేదు. మీ వెనకబెంచీ చెప్పిన గ్రూపు అలాంటిది కాదు. అందులో మిగతావాళ్ళు లేకపోతే అది ఉత్త ఖాళీ తెర. ఒంటరిగా వాడే సరుకు కోసం కుట్టిన చొక్కాని మందకి తొడుగుతున్నాం మనం.

ఇంకో సంగతి. ఆ 40 మందిని అడిగింది "వాడారా" అని కాదు, "వాడతారా" అని. గంటసేపు ప్రోగ్రాం చేతికిచ్చి, ముందుముందు వాడతామని వాళ్ళే వేసుకున్న అంచనా రాయించుకున్నారు. మీ పక్కమ్మాయి పెట్టిన ఐదులు కూడా ఆ కోవలోవే.

సగంనిద్ర · అర్ధరాత్రి 12:30

మేడం, "మందకి చొక్కా" వైవాలో వాడుకోవచ్చా?

సుద్దముక్క · అర్ధరాత్రి 12:32

వద్దు. మార్కులు పోతాయి.

లాగ్‌ఫైల్ · అర్ధరాత్రి 12:48

నేను అటువైపు మనిషిని. ఒక క్యాంపస్ యాప్ చేసే టీంలో కొన్నాళ్ళు పనిచేశాను, పేరు అడగొద్దు. మాకు ఎవరూ ఫారాలు నింపరు, మేం లాగ్‌లే (యాప్‌లో ఎవరు ఎప్పుడు ఏం చేశారో దానంతటదే రాసుకునే రికార్డులు) చూస్తాం, అందుకని ఈ "నాలుగు, నాలుగు, ఐదు" చూస్తే నవ్వొస్తోంది.

హాల్‌టికెట్లు యాప్‌లోనే ఇస్తామన్న రోజు వాడకం గీత నిటారుగా పైకి లేచేది. మూడోరోజుకి నేలమీద. మా పైవాళ్ళు మాత్రం డౌన్‌లోడ్ల లెక్క ఒక్కటే స్లైడ్‌లో పెట్టి "మంచి ఆదరణ" అని చెప్పుకునేవారు. అది ఆదరణ కాదండీ, క్యూ. గేటు తీస్తే వెళ్ళిపోతారు.

ఇంకోటి. లాగిన్ దగ్గరే చాలామంది ఆగిపోతున్నారని తెలిసింది, ఎందుకో చాలారోజులు అంతుపట్టలేదు. డిజైన్ మార్చాం, రంగులు మార్చాం, "మీ క్యాంపస్ మీ చేతిలో" అని బొమ్మ పెట్టాం. చివరికి ఒక జూనియర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చేయించాం. ఆ పిల్లాడు నంబరు కొట్టాడు, ఓటీపీ అన్నాడు, ఫోన్ ఎత్తి వాళ్ళ నాన్నకి కాల్ చేశాడు. అడ్మిషన్ ఫారంలో ఇచ్చింది నాన్న నంబరు, ఓటీపీ ఆయనకి పోతోంది! ఆయన ఎత్తలేదు. పిల్లాడు మావైపు చూసి "సాయంత్రం చేస్తా అన్నా" అని లేచి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం చేసుండడు, నాకు తెలుసు. కాలేజీ మెయిల్‌తో లాగిన్ పెట్టాక ఆ ఇబ్బంది పోయింది.

ఇప్పుడు చెప్పు సగంనిద్రా, ఆ పిల్లాడు నీ ఫారం నింపితే ఏం పెడతాడు? "వాడటం సులభమా" అంటే వాడితే కదా చెప్పడానికి. వాడు నీ లెక్కలోకే రాడు.

చెవులతోచదువు · అర్ధరాత్రి 1:05

లాగ్‌ఫైల్ అన్నా, మీ యాప్‌లో బటన్లకి పేర్లు పెట్టారా అని అడగాలనుంది.

నాకు చూపు లేదు, ఫోన్ టాక్‌బ్యాక్‌తో వాడతాను. తెరమీద వేలు జరిపితే అక్కడున్నది చదివి చెబుతుంది. మా కాలేజీ యాప్‌లో వేలు జరిపితే "బటన్", కొంచెం జరిపితే "బటన్", ఇంకొంచెం జరిపితే "బటన్". అంతే. చేసినవాళ్ళు బొమ్మలు పెట్టి పేర్లు రాయడం మరిచిపోయారు. ఒకటి మార్కులు, ఒకటి నోటీసులు, మూడోది లాగౌట్ అని నొక్కాక తెలిసింది. ఇప్పుడు లెక్కపెట్టుకుని నొక్కుతా, ఎడమనుంచి రెండోది మార్కులు. అప్‌డేట్ వస్తే వరస మారుతుందేమోనని భయం. అప్‌డేట్ అంటే మీకు పండగ, నాకు పరీక్ష.

అలాగని నేను కొత్తదానికి వెనకాడే మనిషినని ఎవరూ అనుకోవద్దు. కెమెరా పెడితే కాగితం మీది అక్షరాలు చదివే యాప్ వచ్చినప్పుడు మా క్లాసులో మొదట వేసుకుంది నేనే. ఎవరూ చెప్పలేదు, వెతుక్కుని వేసుకున్నా. నన్ను చూసి మా బెంచీ అంతా వేసుకున్నారు, బోర్డు ఫొటో తీసి దాన్ని టైపు చేసిన నోట్సుగా మార్చుకోవడానికి. ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ రెండూ 2009లోనే వచ్చాయి. అప్పటినుంచి మాలాంటివాళ్ళకి కొత్తది వచ్చిందంటే నిన్న చెయ్యలేని పనేదో ఇవాళ చెయ్యగలమా అనే చూస్తాం. నాకైతే ఆ డేవిస్ గారి మాటే కరెక్ట్ అనిపిస్తోంది మేడం. ఉపయోగం ఉంటే ఎంత కష్టమైనా పడతా. పడుతున్నా కూడా.

లాగ్‌ఫైల్ · అర్ధరాత్రి 1:11

నిజం చెప్పాలంటే పెట్టలేదు. మా లిస్టులో ఉండేది, ప్రతి రిలీజ్‌కీ "వచ్చేసారి" అని జరిగిపోయేది. నేను ఆ టీం వదిలేటప్పటికీ లిస్టులోనే ఉంది.

చెవులతోచదువు · అర్ధరాత్రి 1:13

చెప్పినందుకు థాంక్స్ అన్నా. సాధారణంగా "మాకు తెలియదండీ" అంటారు.

వెనకబెంచీ · ఉదయం 8:20

రాత్రి మీరంతా ఇంత రాశారా. సరే, నేనొకటి అడుగుతా, సీఆర్ సిద్ధాంతం నాదే కాబట్టి నేనే దానికి అడ్డం తిరుగుతా.

చాట్‌జీపీటీ. 2022 నవంబర్ 30న వచ్చింది, అప్పటికి ఫోన్ యాప్ కూడా లేదు, బ్రౌజర్‌లో తెరిచేవాళ్ళం. యాప్ 2023 మేలో ఐఫోన్‌కి, జులైలో ఆండ్రాయిడ్‌కి వచ్చింది. సీఆర్ చెప్పలేదు, కాలేజీ సర్క్యులర్ పంపలేదు, పంపినచోట వాడొద్దనే పంపారు. అందులో నా ఫ్రెండ్స్ ఎవరూ ఉండక్కర్లేదు, నేనూ అదీ అంతే. అయినా హాస్టల్లో వాడనివాడు లేడు. మరి మంద ఎక్కడుంది మేడం? ఇది గ్రాఫు ప్రోగ్రాం కథే కదా, ఒంటరిగా కూర్చుని పనిచేయించుకునేది. డేవిస్ గెలిచినట్టే.

సుద్దముక్క · ఉదయం 9:02

బాగా పట్టుకున్నారు. క్లాసుకి వెళ్ళేముందు ఒకటే అడుగుతా, మీరు దాన్ని మొదట ఎక్కడ చూశారు? కారణం వద్దు. ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి.

వెనకబెంచీ · ఉదయం 9:40

మా రూమ్మేట్. మర్నాడు సబ్మిట్ చేయాల్సిన అసైన్‌మెంట్ ఇద్దరికీ ఉంది. నేను తొమ్మిదింటికి మొదలెట్టా. వాడు అన్నం తిని, పాటలు విని, పదకొండింటికి లాప్‌టాప్ తీసి, పదకొండున్నరకి దుప్పటి కప్పుకున్నాడు. "అయిపోయిందా?" అన్నా. "ఆఁ" అన్నాడు. లేపి చూపించమన్నా.

ఓకే, అర్థమైంది. మంద కాదుగానీ ఒక్క మేక ఉంది.

(ఆ అసైన్‌మెంట్‌లో లేని పుస్తకం పేరు ఒకటి వచ్చి వాడికి తర్వాత చీవాట్లు పడ్డాయి, అది వేరే కథ.)

సుద్దముక్క · మధ్యాహ్నం 1:15

ఆ ఒక్క మేక గురించే ఎవరెట్ రోజర్స్ 1962లో పెద్ద పుస్తకం రాశాడు. కొత్తది వ్యాపించాలంటే ఐదు గుణాలుండాలన్నాడు: పాతదానికంటే మెరుగనిపించాలి, మన పద్ధతులకి ఇమడాలి, మరీ చిక్కుగా ఉండకూడదు, కొంచెం వాడి చూసే వీలుండాలి, దాని ఫలితం పక్కవాడికి కనబడాలి. మీ రూమ్మేట్ పదకొండున్నరకి దుప్పటి కప్పుకోవడం ఆ ఐదోది.

దానికంటే ముందు 1943లో రయాన్, గ్రాస్ అని ఇద్దరు అయోవా రాష్ట్రంలో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం మీద చేసిన అధ్యయనం ఉంది. ఫోన్లకీ మొక్కజొన్నకీ ఏమిటంటారేమో, వినండి. 259 మంది రైతుల్ని అడిగారు, ఇద్దరు తప్ప అందరూ అప్పటికే ఆ విత్తనం వేస్తున్నారు. మొదట దాని గురించి ఎక్కువమంది విన్నది విత్తనాలమ్మే మనిషి దగ్గర. వేద్దామని మనసు కుదిరింది మాత్రం పక్క రైతుని చూసి. విన్నాక వేయడానికి ఏళ్ళు పట్టింది. వేసినా ఒకేసారి పొలమంతా వేయలేదు, ముందు ఒక మూల కొంచెం వేసి చూసుకున్నారు. యాప్ వేసుకుని రెండ్రోజులు చూసి తీసేసే మీరూ చేసేది అదే.

కాబట్టి వెనకబెంచీ, డేవిస్ ఓడలేదు, రోజర్స్ కూడా ఓడలేదు. ఉపయోగం ఉండాలి, నిజమే. ఆ ఉపయోగం ప్రకటనలో కాకుండా మీ గదిలో, మీలాంటివాడికే కనబడాలి.

పాతచార్జర్ · మధ్యాహ్నం 1:50

మేడం, రోజర్స్ పుస్తకం అంటే మా సార్ చూపించిన గంట ఆకారపు గీత బొమ్మ ఉన్నదేనా? చివర్లో "లాగర్డ్స్, 16 శాతం" అని ఉంటుంది. ఆ బొమ్మ చూపించేటప్పుడు సార్ నావైపే చూశారనిపించింది. వెనకబడినవాళ్ళట.

నేను వెనకబడ్డానా? క్లాసులో అందరికంటే ముందు లైబ్రరీ కంప్యూటర్లో ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేసింది నేను. ఫోన్ మాత్రం అన్నయ్య వాడి ఇచ్చింది, ఆండ్రాయిడ్ వెర్షన్ పాతది, సగం యాప్‌లు "మీ పరికరంలో పనిచేయదు" అంటాయి. చార్జింగ్ మధ్యాహ్నానికి అయిపోతుంది, మా క్లాస్‌రూంలో ప్లగ్గు ఒక్కటే, దాని పక్క సీటు కోసం పొద్దున్నే రావాలి. నాకు కొత్తదంటే ఇష్టమేనా అని అడిగితే ఐదుకి ఐదు పెడతా. వాడుతున్నావా అంటే సున్నా. ఈ రెంటి మధ్య ఏముందో ఎవరి ఫారంలోనూ ఉండదు.

సుద్దముక్క · మధ్యాహ్నం 2:30

ఆ 16 శాతం ఎవరో వెతికి లెక్కపెట్టింది కాదు. గంట ఆకారపు గీతని ముక్కలుగా కోస్తే కుడిచివర మిగిలే ముక్క అంత ఉంటుంది, అంతే. ఎక్కడ కోసినా ఎవరో ఒకరు చివర ఉంటారు. పైగా రోజర్సే తన పుస్తకంలో ఒప్పుకున్నాడు, ఈ రంగం వాళ్ళకి కొత్తదంటే మంచిదే అనే మొగ్గు ఉంది, ఎవరైనా తీసుకోకపోతే తప్పు ఆ మనిషిదేనని, చుట్టూ ఉన్న ఏర్పాటుది కాదని అనేసే గుణం ఉంది అని. మీ సార్‌కి ఆ పేజీ చూపించండి. మర్యాదగా.

మీరు చెప్పిన ఆ "మధ్యలో ఉన్నది" కూడా పూర్తిగా వదిలేయలేదు. 2003లో వెంకటేశ్, మోరిస్, ఇద్దరు డేవిస్‌లు కలిసి అప్పటిదాకా ఉన్న ఎనిమిది మోడళ్ళని కలిపి ఒకటి చేశారు, యూటాట్ అంటారు. అందులో వీలు కల్పించే పరిస్థితులు అని ఒక భాగం ఉంది. ప్లగ్గు, స్టోరేజ్, వైఫై, ఓటీపీ ఎవరికి పోతోంది, అన్నీ అక్కడికే వస్తాయి. పనికొస్తుందా, శ్రమెంత అన్నవాటిలా వాడాలన్న ఉద్దేశం గుండా తిరిగి రాదది, నేరుగా వాడకం మీదే పనిచేస్తుందని ఆ పేపర్ అంటుంది. పాతచార్జర్ చెప్పింది అచ్చంగా అదే.

సగంనిద్ర · మధ్యాహ్నం 3:10

మేడం నేను యూటాట్ వదిలేశా, ప్రశ్నలు ఎక్కువైపోతాయని 🙈

అది ఉద్యోగుల కోసం కదా, స్టూడెంట్లకి వర్తిస్తుందా?

సుద్దముక్క · మధ్యాహ్నం 3:25

ఆఫీసుల్లో పుట్టింది నిజమే. 2012లో దాన్నే మామూలు వినియోగదారుల కోసం పెంచారు, హాంకాంగ్‌లో మొబైల్ ఇంటర్నెట్ వాడే 1,512 మందితో. అప్పుడు మూడు కలిశాయి: సరదా, పెట్టిన డబ్బుకి తగ్గ ఫలం, అలవాటు. మీకు పనికొచ్చేది అదే. అలవాటుని వదలొద్దు.

లాగ్‌ఫైల్ · సాయంత్రం 5:05

అలవాటు దగ్గర నేను చేతులెత్తి దణ్ణం పెడతా. మేం ఎంత మంచి నోట్సు ఫీచర్ పెట్టినా పిల్లలు నోట్సుని మెసేజింగ్ యాప్‌లో తమకి తామే పంపుకునేవాళ్ళు. ఒకతన్ని అడిగితే "వేలు అక్కడికే పోతుందన్నా" అన్నాడు. ఇంతకంటే సరైన రీసెర్చ్ నేను చదవలేదు.

సులభతని తేలిగ్గా తీసేయొద్దు మాత్రం. క్యూఆర్ కోడ్‌నే చూడండి. జపాన్‌లో డెన్సో వేవ్ కంపెనీ 1994లో చేసింది, కార్ల విడిభాగాల లెక్క కోసం. ఫోన్లలోకొచ్చాక కూడా చాలాచోట్ల ఏళ్ళతరబడి పోస్టర్ల మీద ఉత్తగా పడుంది, స్కాన్ చేయడానికి వేరే యాప్ వేసుకోవాలి కదా, అంత ఓపిక ఎవరికుంది. 2017లో ఐఓఎస్ 11తో ఐఫోన్ కెమెరాయే చదవడం మొదలెట్టింది, ఆండ్రాయిడ్‌లోకీ అలాగే వచ్చింది. తర్వాత కరోనాలో ఏదీ ముట్టుకోకూడదన్నారు. కోడ్ అదే, నలుపు తెలుపు గళ్ళు అవే. మధ్యలో ఒక్క మెట్టు తీసేశారు, దాన్ని వాడాల్సిన అవసరం వచ్చింది.

వెనకబెంచీ · సాయంత్రం 5:20

క్యూఆర్ అంటే గుర్తొచ్చింది, పాతచార్జర్ చెప్పిన అటెండెన్స్ యాప్ లాంటిదే మాకూ పెట్టారు. సార్ తెరమీద కోడ్ వేస్తారు, క్లాసులో ఉన్నవాడు వీడియో కాల్‌లో హాస్టల్లో ఉన్నవాడికి చూపిస్తాడు, వాడు మంచం మీదనుంచి స్కాన్ చేస్తాడు. యాప్ నేర్చుకోవడానికి నెల పట్టినవాళ్ళు ఈ ప్రాక్సీ పద్ధతి మాత్రం ఒక్క పీరియడ్‌లో నేర్చుకున్నారు. ట్రైనింగ్ వీడియో కూడా అవసరం పడలేదు. తర్వాత లొకేషన్ పర్మిషన్ అడిగారు, అందరూ "ఇది ప్రైవసీకి వ్యతిరేకం" అని గ్రూపులో గంట వాదించి, పొద్దున అందరూ అలౌ కొట్టారు. నేనూ కొట్టా.

చెవులతోచదువు · సాయంత్రం 5:32

ఆ క్యూఆర్ తెరమీద ఎక్కడుందో నాకు కనబడదు. పక్కవాళ్ళు నా ఫోన్ తీసుకుని స్కాన్ చేస్తారు. అంటే నా వాడకం లాగ్‌లో నూటికి నూరు, నేను ఆ యాప్ ఒక్కసారి కూడా వాడలేదు. లాగ్‌లని కూడా మరీ నమ్మకండి అన్నా.

లాగ్‌ఫైల్ · సాయంత్రం 5:35

దెబ్బ.

మోడరేటర్ · సాయంత్రం 6:00

ప్రాక్సీ పద్ధతుల వివరాలు ఇక చాలు. టాపిక్ మీద ఉండండి.

సగంనిద్ర · రెండో రోజు, రాత్రి 10:15

అప్‌డేట్. మా గైడ్ గారితో మాట్లాడా. మోడల్ మార్చడానికి ఒప్పుకోలేదు, టైం లేదన్నారు. కానీ ఫారం చివర రెండు ప్రశ్నలు కలుపుకోమన్నారు, అది చాలు నాకు.

ఒకటి, మేడం అడిగినట్టు, "మీరు దీన్ని మొదలెట్టిన రోజు ఏం జరిగింది? రెండు మూడు వాక్యాల్లో రాయండి". రెండోది, ఫోన్ సెట్టింగ్స్‌లో స్క్రీన్ టైమ్ చూసి ఆ యాప్ పోయిన వారంలో ఎంతసేపు తెరిచారో అంకె రాయమన్నా. ఐఫోన్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ 2018 నుంచి ఇది ఉంది కదా.

ఇవాళ మా పక్కమ్మాయి మీదే మొదట ప్రయోగించా. భాష నేర్పే యాప్ ఒకటి "రోజూ వాడతాను" అని టిక్కు పెట్టేసింది. సెట్టింగ్స్ తెరిచి చూసుకుంది. వారం మొత్తానికి రెండు నిమిషాలు. కాసేపు దాన్నే చూసింది, "వారం తప్పు చూపిస్తోందేమో" అంది, వెనక వారం చూసింది, అక్కడ యాప్ పేరే లేదు. ఏమీ మాట్లాడకుండా పెన్ను తీసుకుని టిక్కు కొట్టేసి కింద గడిలో పెట్టింది. మొదలెట్టిన రోజు ఏం జరిగింది అన్నచోట మాత్రం పేజీ సగం రాసింది. వాళ్ళక్క విదేశం వెళ్ళిందట, ఎయిర్‌పోర్ట్ నుంచి తిరిగొస్తూ బస్సులో ఇన్‌స్టాల్ చేసుకుందట, తనూ వెళ్దామని. ఉపయోగం అన్నదాంట్లో ఇది ఏ గడిలోకి వస్తుందో నాకు తెలియట్లేదు మేడం.

సుద్దముక్క · రెండో రోజు, రాత్రి 10:40

గడిలో వేయకండి. ఆ సగం పేజీని అలాగే ప్రాజెక్టులో పెట్టండి, పేరు తీసేసి, ఆ అమ్మాయిని అడిగి. అలాంటివి ఇంకో ఇరవై దొరికితే అంకెల పట్టిక పక్కన ఒక అధ్యాయం అవుతుంది. స్క్రీన్ టైమ్ అంకె అడిగేటప్పుడు మాత్రం మీరు పక్కన నిలబడి చూడొద్దు. వాళ్ళే చూసుకుని రాయాలి, లేకపోతే అందులోనూ మీకోసం రాస్తారు.

వెనకబెంచీ · రెండో రోజు, రాత్రి 10:52

నాది చూసుకున్నా. చెప్పను.

సగంనిద్ర · రెండో రోజు, రాత్రి 11:05

చెప్పకు, ఫారంలో రాయి 🙂 ఈ వేదికలో ఉన్న స్టూడెంట్లందరికీ ఆన్‌లైన్ ఫారం లింక్ నా ప్రొఫైల్‌లో పెట్టా. పది నిమిషాలు పడుతుంది. పేరు అక్కర్లేదు. చెవులతోచదువు, మీకోసం ప్రతి గడికీ పేరు పెట్టా, ఒకసారి విని చెప్పండి.

చెవులతోచదువు · రెండో రోజు, రాత్రి 11:20

విన్నా, అన్నీ చదువుతోంది. పంపించడానికి ఉన్నది మాత్రం "బటన్" అంటోంది.

సగంనిద్ర · రెండో రోజు, రాత్రి 11:24

అయ్యో. ఇప్పుడే సరిచేశా, మళ్ళీ చూడండి.

చెవులతోచదువు · రెండో రోజు, రాత్రి 11:26

"పంపించు, బటన్". పంపించేశా.

పాతచార్జర్ · రెండో రోజు, రాత్రి 11:31

నా ఫోన్‌లో ఆ లింక్ తెరుచుకోవట్లేదు. బ్రౌజర్ అప్‌డేట్ చేయమంటోంది, అప్‌డేట్‌కి చోటు లేదు. కాగితం ఫారం ఏమైనా ఉందా?

సగంనిద్ర · రెండో రోజు, రాత్రి 11:33

ఉంది, క్లాసులో పంచిందే. ఫొటో తీసి పెట్టనా, పీడీఎఫ్ పంపనా?

పాతచార్జర్ · రెండో రోజు, రాత్రి 11:34

ఫొటో వద్దు, బరువు. పీడీఎఫ్ పంపు, లైబ్రరీలో ప్రింట్ తీసుకుంటా.